మోటారుబండి పీల్చుగాలి, దాని తూనిక



నేడు మన పల్లెలలో కారు నిలిచియుండని వీధి అరుదైపోయినది. కొందఱు సొంతమునకును, కొందఱు బాడుగకు త్రిప్పుటకును కొనుచున్నారు. మనుమడు కారు కొనుటకై పొలము కాగితములు తాకట్టుపెట్టిన తాతలు నా మాటలు వినువారిలో తప్పక ఉందురు. కారు వచ్చిన మూడవ నెలలోనే ఆ మనుమడు పట్టణమునకు పోయి, దాని గాలిపెట్టెను తీయించి, ఆ స్థానమున తళతళలాడు గొట్టమొకటి బిగించుకొని వచ్చును. దానివలన కారునకు బలము వచ్చునని యతని నమ్మకము. ఆ గొట్టము సంగతియే నేటి ప్రసంగవిషయము.

నేను మోటారు మేస్త్రిని కాను. వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొని, జీవితమంతయు బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవాడను. అయినను ఈ విషయములో ఇనుముకంటె తర్కమే యెక్కువగా నున్నది గనుక మాటలాడుటకు సాహసించితిని.

పొయ్యిలో కఱ్ఱ మండవలెనన్న గాలి కావలెనని మన యాడువారికి మనము చెప్పనక్కఱలేదు. యింజనులోని పెట్రోలును అంతియే. అయితే యెంత గాలి కావలెను? ఒక కిలో పెట్రోలు సరిగా మండుటకు 14.7 కిలోల గాలి కావలెనని శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. దీనిని మన కొలతలోనికి దింపి చూతము. ఒక లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కొంచెము లోపుగా తూగును. దానికి దాదాపు 11 కిలోల గాలి కావలెను. అంత గాలి ఎంత చోటు నాక్రమించును? దాదాపు 9 వేల లీటర్ల చోటు. ఆఱున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, ఏడున్నర అడుగుల యెత్తు గల కొట్టుగది నిండ నున్న గాలిని ఒక్క లీటరు పెట్రోలు తినివేయుచున్నదన్న మాట. కారు పెట్రోలుతో నడుచుచున్నదని మనమందుము గాని, బరువునుబట్టి చూచినచో అది ప్రధానముగా గాలితో నడుచు బండియే.

ఈ పాలు తప్పినచో రెండు విధముల చేటు కలుగును. గాలి తక్కువై పెట్రోలు హెచ్చినచో నల్లపొగ వచ్చును, ప్లగ్గులు మసిబారును, డబ్బు పొగగొట్టముగుండ పోవును. గాలి హెచ్చి పెట్రోలు తక్కువైనచో బండి ఈడ్వలేక తడబడును. ఎక్కువ బరువుమీద నడచునపుడు యింజను లోపల టకటకమని కొట్టుకొని, పిస్టనునకే ముప్పు రావచ్చును. మొదటిది ఖర్చు, రెండవది ప్రమాదము.

వెనుకటి కారులలో కార్బ్యురేటరు అను పనిముట్టు ఈ పాలును చూచుకొనెడిది. గాలి పోవు వేగమే పెట్రోలును పీల్చుకొనెడిది. పాలు తప్పిన, మేస్త్రి చెవి యొగ్గి విని మరచీల నొక పిసరు త్రిప్పెడివాడు. మన దేశమున 2000 ప్రాంతమునుండి కారులలో కార్బ్యురేటరు క్రమముగా తొలగిపోయి, పెట్రోలును సూదిరంధ్రములగుండ చిమ్ము పద్ధతి వచ్చినది. ఎంత చిమ్మవలెనో నిర్ణయించునది కారులోని చిన్న కంప్యూటరు. ఆ కంప్యూటరునకు కన్నులు లేవు, చెవులు లేవు. ఎంత గాలి లోపలికి వచ్చినదో దానికి ఒకరు చెప్పవలెను. కొన్ని చిన్నకారులలో గాలిగొట్టములోని ఒత్తిడిని చూచి ఆ లెక్కను ఊహించుట కలదు. మఱి కొన్నింటిలో గాలిని నేరుగా తూచి చెప్పు సాక్షి యొకడున్నాడు. వానిపేరు ఎయిర్ ఫ్లో సెన్సారు.

గాలిని తూచుట యెట్లు? మొదట జర్మనీలోని బాష్ కంపెనీవారు 1973లో తెచ్చిన పద్ధతిలో గొట్టము నడుమ ఒక తలుపురెక్క యుండెడిది. గాలి త్రోసినకొలది రెక్క తెఱచుకొనెడిది, ఎంత తెఱచుకొన్నదో చూచి లెక్క కట్టెడివారు. ఆ పద్ధతికి ఎల్-జెట్రానిక్ అని పేరు. అందలి ఎల్ అను అక్షరము జర్మను భాషలో గాలికి పేరైన లుఫ్ట్ అను పదమునుండి వచ్చినది. 1980ల యారంభమున దానికంటె సొగసైన యుపాయము వచ్చినది. గొట్టములో తలవెండ్రుకంత సన్నని ప్లాటినపు తీగను నిలిపి, దానిని విద్యుత్తుతో వేడి చేసిరి. పొయ్యిమీదినుండి దించిన పాలను విసనకఱ్ఱతో విసరినచో త్వరగా చల్లాఱును గదా, అట్లే పోవుచున్న గాలి ఈ తీగను చల్లార్చును. వేడి తగ్గకుండ నిలుపుటకు ఎక్కువ విద్యుత్తు పంపవలసివచ్చును. ఎంత యెక్కువ పంపవలసివచ్చెనో అదియే గాలి యెంత పోయెనో చెప్పు గుర్తు. వేడితీగకును వీచుగాలికిని గల ఈ సంబంధమును కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు లూయీ వెస్సో కింగ్ 1914లోనే సూత్రబద్ధము చేసియుండెను. ఆయన సూత్రము కారులోనికి వచ్చుటకు దాదాపు డెబ్బది యేండ్లు పట్టినది.

ఇందులోని చమత్కార మేమనగా, తీగ చెప్పునది గాలి పరిమాణమును గాదు, గాలి బరువును. చల్లని గాలి చిక్కగా నుండి ఎక్కువ వేడిని తీసికొనిపోవును, వేడిగాలి పలుచగా నుండి తక్కువ తీసికొనిపోవును. పెట్రోలునకు కావలసినది బరువు లెక్కయే. కావున ఇది కుంచముతో కొలుచుట గాదు, కాటామీద తూచుట.

తీగపై దుమ్ము పట్టినచో తూనిక చెడును. అది తెలిసియే తొలినాటి కారులలో, యింజను ఆపిన వెంటనే తీగను ఒక్క క్షణము 1000 డిగ్రీలవఱకు ఎఱ్ఱగా కాల్చి, పట్టిన మురికిని బూడిద చేయు ఏర్పాటు చేసిరి. తరువాత తీగకు బదులు పలుచని పొర వచ్చినది. దుమ్ము దానికి సోకకుండ గాలిదారిని మలచుటచేత ఆ కాల్చు ఏర్పాటు మానిరి. అనగా, నేటి సెన్సారునకు తన్ను తాను శుద్ధి చేసికొను శక్తి సాధారణముగా లేదు. దాని శుద్ధి యంతయు దానికి ముందున్న ఫిల్టరుమీదనే ఆధారపడియున్నది.

ఇప్పుడు అసలు కిటుకునకు వత్తము. ఆ తీగగాని పొరగాని గొట్టములో పోవు గాలినంతను తాకదు. నడుమ నొక చిన్న దారిలో పోవు కొంచెము గాలిని మాత్రమే తాకి, దానినిబట్టి మొత్తము చెప్పును. మన కృష్ణా గోదావరి కాలువలమీద గేజిరాళ్లు పెద్దలందఱు చూచినవే. లస్కరు నీటిమట్టమును చూచి, పట్టికను విప్పి, ఇన్ని క్యూసెక్కులు పోవుచున్నవని చెప్పును. ఆ పట్టిక, కాలువ ఆచోట ఎంత వెడల్పున్నదో దానిని బట్టి వ్రాసినది. రాత్రికి రాత్రి ఎవడైన ఆచోట కాలువను వెడల్పు చేసినాడనుకొనుడు. గేజిరాయి అబద్ధమాడదు, లస్కరు అబద్ధమాడడు, పట్టిక అబద్ధమగును. చివరిభూములవారి లెక్కలన్నియు తారుమారగును.

కారులో జరుగునదియు నిదియే. కంపెనీవారి గొట్టము ఆచోట 60 మిల్లీమీటర్ల వెడల్పుగలదనుకొందము. మన మనుమడు 70 మిల్లీమీటర్ల గొట్టము తెచ్చి, పాత సెన్సారును ఊడదీసి అందులో బిగించినాడు. పది మిల్లీమీటర్లే గదా యనిపించును. కాని గొట్టపు వైశాల్యము వెడల్పు వర్గమునుబట్టి పెరుగును. ఆఱు ఆఱులు ముప్పదియాఱు, ఏడు ఏడులు నలువదితొమ్మిది. నలువదితొమ్మిది పాళ్ల దారిలో పోవు గాలిని సెన్సారు ముప్పదియాఱు పాళ్ల దారిలో పోవుచున్నట్లే యెంచి చెప్పును. అనగా 100 పాళ్ల గాలి పోయినను 73 పాళ్లే పోయినవని సాక్ష్యమిచ్చును. కంప్యూటరు 73 పాళ్లకు సరిపడు పెట్రోలే చిమ్మును. బలము కొఱకు పెట్టిన గొట్టము బలమునే హరించును.

మఱియొక సూక్ష్మము. కంపెనీ గొట్టములో సెన్సారునకు ముందు సన్నని వలయో, తేనెపట్టువంటి జాలకమో పెట్టుట పలుచోట్ల కలదు. అది సుడులు తిరుగు గాలిని తిన్నగా చేయుటకు. దానిని అడ్డమని తీసివేసినను, సెన్సారును గొట్టపు వంపు ప్రక్కనే పెట్టినను, గాలి ఒకసారి సెన్సారును ఒరసికొని, ఒకసారి తప్పించుకొని పోవును. అప్పుడు తూనిక నిముసమున కొక తీరుగా నుండును.

ఇక ఫిల్టరు మాట. బజారులో అమ్మునది తఱచుగా శంకువువలె కోసుగా నుండు నూలు ఫిల్టరు. నూలుబట్టను మడతలు పెట్టి, నూనెతో తడిపి చేయుదురు. నూనె జిగురునకు దుమ్ము అంటుకొనును. కడిగి మఱల వాడుకొనవచ్చును. అమెరికాలోని కాలిఫోర్నియాలో పందెపు మోటారుసైకిళ్లవారి నడుమ ప్రసిద్ధికెక్కిన పద్ధతి యిది. పందెగానికి ఒక్క దినము గెలుపు ముఖ్యము. మనకు పదియేండ్లు యింజను నడచుట ముఖ్యము. అతని యక్కఱ వేఱు, మన యక్కఱ వేఱు. మన దారులలో ఎగయు దుమ్ములో ఇసుకపొడి యున్నది. అది సిలిండరు గోడలను ఆకురాయివలె అరగదీయును. గాలి ధారాళముగా పోవు ఫిల్టరు దుమ్మునుగూడ ధారాళముగా పోనిచ్చునా యని మొదట అడుగవలెను.

నూనె సరిగా, మితముగా వేసినచో అది ఊడి సెన్సారుమీదికి పోదని అమ్మువారి వాదము. ఆ వాదమును నేను తోసివేయను. కాని మితమన్నది సీసా పట్టిన చేతిలో నుండును. మనవారు తలకు నూనె పెట్టినట్లు ఫిల్టరుకు పెట్టుదురు. ఎక్కువైన నూనె తుంపరలై పోయి సెన్సారు పొరకు అంటును, దానిపై దుమ్ము అంటును. వేడిపొర దుప్పటి కప్పుకొన్నట్లగును. గాలి వీచినను అది తగినంత చల్లబడదు, గాలి తక్కువ యని చెప్పును. కామెర్లవానికి తెల్లని శంఖము పచ్చగా తోచునని మా తర్కపాఠములలో నుదాహరణము. శంఖములో దోషము లేదు, చూపులో దోషము. ఇక్కడ గాలిలో దోషము లేదు.

పాతపెట్టెను గుఱించి ఒక న్యాయమైన మాట చెప్పవలెను. నల్లని ప్లాస్టికు పెట్టె యని దానిని అందఱును చులకన చేయుదురు. అది కారు ముందుభాగమునుండి చల్లనిగాలిని తెచ్చును, వాననీటిని కొంత ఆపును, యింజను పీల్చు చప్పుడును మ్రింగును. దానిని తీసివేసి బోనెట్టు క్రింద కోసుఫిల్టరు పెట్టినచో, ఆ ఫిల్టరు పీల్చునది యింజను వేడికి కాగిన గాలి. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు కాగినచో నూటికి తొమ్మిదిపాళ్లు పలుచబడును. తొమ్మిదిపాళ్లు పోగొట్టుకొని సంపాదించునదేమి? చప్పుడు. చప్పుడు మాత్రము నిజముగా పెరుగును, పడుచువాండ్రు దానినే బలమనుకొందురు. పందెపుకారులలో వెడల్పు గొట్టముతోబాటు కంప్యూటరులోని పట్టికను గూడ తిరుగవ్రాయుదురు. అప్పుడు లెక్క కుదురును. పట్టిక మార్చక గొట్టము మార్చుటయే తప్పు. కాలిఫోర్నియా రాష్ట్రములో వాయుసంరక్షణ శాఖవారు పరీక్షించి అనుమతి సంఖ్య నిచ్చిన గొట్టములనే సర్కారు దారులపై తిరుగు కారులలో వాడనిత్తురు. ఆ గొట్టములు పుట్టిన దేశములోనే అంత జాగ్రత్త యున్నది.

కంప్యూటరు ఊరక మోసపోవునా యని అడుగుదురు. పోదు. దానికి రెండవ సాక్షి యున్నాడు. పొగగొట్టములో ఆక్సిజన్ సెన్సారు కూర్చుండి, మండిన పిమ్మట మిగిలిన ప్రాణవాయువును చూచి, పెట్రోలు చాలలేదు, ఇంకను వేయుమని చెప్పుచుండును. కంప్యూటరు ఆ మాట విని సవరించుకొనును. కాని ఆ సవరణకు హద్దున్నది. సాధారణముగా నాలుగవవంతు ప్రాంతమున అది ఆగును. మన లెక్కలో 73ను 100 చేయవలెనన్న మూడవవంతునకు మించి కలుపవలెను. హద్దు దాటగానే ఎదుటి పలకమీద యింజను బొమ్మగల దీపము వెలుగును. పైగా పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కించునపుడు అనేక కారులలో కంప్యూటరు ఈ రెండవ సాక్షిని అడుగదు, మొదటివానినే నమ్మును. పిస్టనునకు ముప్పు వచ్చునది అప్పుడే.

దీపము వెలిగినపుడు మేస్త్రి ఒక యంత్రము తగిలించి సంఖ్యను చదువును. పి 0101 అన్నచో గాలిలెక్క పొసగుటలేదని, పి 0171 అన్నచో పెట్రోలు చాలుటలేదని అర్థము. ఇవి లక్షణములు, కారణములు గావు. పొగను చూచి నిప్పున్నదనవచ్చును గాని, నిప్పు పెట్టినవాడెవడో పొగ చెప్పదు. ఈ భేదము తెలియకనే మన సొమ్ము చాలవఱకు పోవుచున్నది.

మా యూరిలో బాడుగకారు నడుపు పిల్లవాడొకడు ఇట్టి గొట్టము పెట్టించుకొని వచ్చెను. పదియేను దినములలో దీపము వెలిగెను. బండి నిదానించినపుడు యింజను వణకి ఆగిపోవుచుండెను. రైలుగేటు దగ్గఱ నొకమారు పట్టాలమీదనే ఆగెను. కారులో నున్న ముసలమ్మను చేతులమీద దించిరి. పట్టణములో నొక షెడ్డువారు 0171 అను సంఖ్యను చూచి ఆక్సిజన్ సెన్సారు మార్చిరి. దీపము మఱల వెలిగెను. పెట్రోలు పంపు మార్చిరి. ఆ పిమ్మట గుర్తింపులేని నకలు ఎయిర్ ఫ్లో సెన్సారు పెట్టిరి, అంతకు ముందే నయము. రెండు నెలల వాయిదాసొమ్ము దీనికే సరిపోయెను. తుదకు వేఱొక ముసలి మేస్త్రి సంఖ్యను చూడక ముందు గొట్టమును చూచి, నీ పాతపెట్టె యేదిరా యని అడిగెను. అది గొడ్లపాకలో నుండెను, అందులో కోడి పొదుగుచుండెను. కోడిని లేపి, పెట్టెను కడిగి, కొత్త కాగితపు ఫిల్టరు వేసి, పాత సెన్సారును శుభ్రము చేసి బిగించిరి. దీపము మఱల వెలుగలేదు. తెచ్చిన గొట్టము బిగింపు పట్టీగూడ వదులుగా నుండెనట.

వదులుపట్టీ యన్నది చిన్నమాట కాదు. సెన్సారు దాటిన తరువాత గొట్టమునకు పగులుగాని వదులుగాని యున్నచో, అక్కడ దూరినగాలి తూనికకు ఎక్కక దొడ్డిదారిని లోపలికి పోయినట్లే. యింజను నిదానముగా తిరుగునపుడు మొత్తము గాలియే తక్కువ గనుక ఈ దొంగగాలి పాలు హెచ్చుగా నుండును. నిలిపియుంచినపుడు వణకుచు, పరుగులో బాగుండు బండికి ముందు వెదకవలసినది ఇదియే. రబ్బరు గొట్టపు మడతలను వ్రేలితో విప్పి చూడవలెను, పగుళ్లు మడతలలోనే దాగియుండును.

డీసిలు బండి తీరు వేఱు. అందు సెన్సారు తక్కువ చెప్పినచో, పొగ రాకుండవలెనని కంప్యూటరు డీసిలునే తగ్గించివేయును. చప్పుడు మాఱదు, పొగ రాదు, బండి మాత్రము ఎత్తున ఈడ్వదు. ఇట్టి బండికి టర్బో పోయినదని చెప్పి పెద్దబిల్లు వేయుట కలదు. అట్టిచో ముందు ఫిల్టరును, సెన్సారును చూపుమని అడుగుడు.

సెన్సారు నిజము చెప్పుచున్నదో లేదో పెట్రోలు కారులో లెక్కవేసి చూచుకొనవచ్చును. టర్బో లేని రెండు లీటర్ల యింజను నిముసమునకు 3000 చుట్లు తిరుగునపుడు, రెండు చుట్లకొకసారి కడుపునిండ పీల్చును గనుక 1500 సార్లు రెండేసి లీటర్లు, అనగా 3000 లీటర్లు పీల్చును. సెకనునకు 50 లీటర్లు, దాదాపు 60 గ్రాములు. పూర్తిగా తొక్కినపుడు మేస్త్రి యంత్రములో కనుపించు సంఖ్య దీనికి కొంచెము లోపుగా నుండవలెను. 35 అనియో 40 అనియో చూపినచో సెన్సారు మాటను అనుమానింపవచ్చును. ఇట్టి పరీక్షను ఖాళీదారిలో, మేస్త్రి ప్రక్కన నుండగానే చేయవలెను.

మఱియొక గొట్టపు రకము కలదు. చల్లనిగాలి కొఱకని దానిని బంపరు వెనుకకు, నేలకు దగ్గఱగా దింపుదురు. వానకాలమున నీరు నిలిచిన దారిలో అది గాలికి బదులు నీటిని పీల్చును. గాలి నొక్కినచో అణగును, నీరు అణగదు. పిస్టను దానిని నొక్కబోయి, తన కడ్డీని తానే వంచుకొనును. అట్లు నీటిలో ఆగిన బండిని మఱల స్టార్టు చేయకుండ త్రోయించుకొని పోవుటయే మేలు.

శుభ్రము చేయు విధము చెప్పి ముగించెదను. సెన్సారును బట్టతో తుడువరాదు, వ్రేలితో తాకరాదు, ఊదరాదు. దానికని ప్రత్యేకముగా అమ్ము శుద్ధిద్రవము కలదు, కార్బ్యురేటరు ద్రవము పనికిరాదు. యింజను ఆపి, చల్లాఱినపిమ్మట, సెన్సారును ఊడదీసి, దూరమునుండి చిమ్మి, నీడలో ఆఱనీయవలెను. పూర్తిగా ఆఱకముందు బిగించి విద్యుత్తు పంపినచో పొర చెడును. కాగితపు ఫిల్టరును కారు పుస్తకములో వ్రాసిన గడువునకు ముందే, మన దుమ్మునుబట్టి, మార్చుట మంచిది. సెన్సారు వెలతో పోల్చినచో దాని వెల స్వల్పము.